మెడికల్ సీటు: అర్హత వేరు, ఎంపిక వేరు

రిజర్వేషన్ల మీద వాదన ఎక్కడ మొదలైనా చివరికి డాక్టరు దగ్గరికే వచ్చి ఆగుతుంది. ‘తక్కువ మార్కులొచ్చినవాడి చేత ఆపరేషన్ చేయించుకుంటావా?’ అని అడుగుతారు. 1990లో మండల్ సిఫారసుల అమలును ప్రకటించినప్పుడు ఇదే ప్రశ్న. 2006లో కేంద్ర విద్యాసంస్థల్లో ఓబీసీలకు సీట్లు కేటాయిస్తామన్నప్పుడు ఢిల్లీ ఎయిమ్స్‌లో సమ్మె చేసినవాళ్ళదీ ఇదే ప్రశ్న. అడిగేవాళ్ళకు గానీ, విని తల దించుకునే మన పిల్లలకు గానీ ఈ దేశంలో ఎంబీబీఎస్ సీటు ఎట్లా నిర్ణయమవుతుందో చాలావరకు తెలియదు. తెలియకపోవడం వల్ల అడిగేవాళ్ళకు వచ్చే నష్టం ఏమీ లేదు. మనకు మాత్రం సీటే పోతుంది.

అందుకే ఈ వ్యాసంలో ఎంబీబీఎస్ ప్రవేశానికి కావలసిన అర్హతలేమిటి, ఎంపిక ఏ మెట్ల మీదుగా జరుగుతుంది, ఏ మెట్టు దగ్గర దళిత విద్యార్థి జారిపోతున్నాడు అనే మూడు విషయాలు వివరించే ప్రయత్నం చేస్తాను. ‘ప్రతిభ’ అనే మాటకు అర్థం వీటిలోనే ఉంది.

కేసులన్నీ ఈ సీటు చుట్టూనే

రిజర్వేషన్ల చట్ట చరిత్రలో పెద్ద తీర్పులు చాలావరకు మెడికల్ సీటు కోసం వేసిన కేసుల్లోనే వచ్చాయి. ఇది యాదృచ్ఛికం కాదు. సీట్లు తక్కువ, గౌరవం ఎక్కువ, ఆదాయం ఎక్కువ. అగ్రకులాలు అన్నిటికంటే గట్టిగా పట్టుకున్న తలుపు ఇది.

అప్పటి మద్రాసు రాష్ట్రంలో కోస్తా, రాయలసీమ జిల్లాలు కలిసి ఉండేవి. విశాఖపట్నం, గుంటూరు మెడికల్ కాలేజీలు ఆ రాష్ట్రంలోవే. అక్కడ కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, భారతీయ క్రైస్తవులకు 1, ముస్లింలకు 1 చొప్పున ఇచ్చేవారు. దీన్ని సవాలు చేసిన చంపకం దొరైరాజన్ అసలు మెడికల్ కాలేజీకి దరఖాస్తే పెట్టినట్టు కనిపించదని సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. అయినా 1951 ఏప్రిల్‌లో జీవోను కొట్టేశారు. ఆ దెబ్బకే అదే ఏడాది జూన్‌లో మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది, 15(4) అధికరణం పుట్టింది. ఇవాళ మన పిల్లలకు కాలేజీల్లో దొరికే రిజర్వేషన్ సీటుకు ఆధారం ఆ అధికరణమే.

రిజర్వేషన్లు యాభై శాతం లోపు ఉండాలనే మాట మొదట వినిపించిన 1962 నాటి బాలాజీ కేసు మైసూరు రాష్ట్రంలోని మెడికల్, ఇంజినీరింగ్ సీట్ల గురించి. ఆంధ్రప్రదేశ్‌లో బీసీలను ఏ, బీ, సీ, డీ గ్రూపులుగా చేసి 25 శాతం ఇచ్చిన 1970 నాటి జీవో 1793ను సుప్రీంకోర్టు 1972లో సమర్థించింది. బలరాం కేసుగా పేరుపడిన అది కూడా ఎంబీబీఎస్ ప్రవేశాల కేసే. కాబట్టి మెడికల్ సీటు లెక్క తెలుసుకోవడమంటే రిజర్వేషన్ల లెక్క మొత్తం తెలుసుకోవడమే.

దరఖాస్తు పెట్టడానికి ఏం కావాలి

ఎంబీబీఎస్‌కు ఇప్పుడు దేశమంతా ఒకటే పరీక్ష, నీట్. తెలుగు నాట 1980ల నుంచి ఎంసెట్ ద్వారా సీట్లు నింపేవారు. 2013లో నీట్ మొదటిసారి జరిగింది, ఆ ఏడాది జూలైలోనే సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2016 ఏప్రిల్‌లో అదే కోర్టు తన తీర్పును వెనక్కి తీసుకుంది. 2016లో ఆర్డినెన్సు పుణ్యాన రాష్ట్రాలకు ఒక్క ఏడాది వెసులుబాటు దొరికింది. ఆ ఏడే తెలంగాణలో మెడికల్ ఎంసెట్ ప్రశ్నపత్రం లీకై, సెప్టెంబరులో మళ్ళీ పరీక్ష పెట్టవలసి వచ్చింది. 2017 నుంచి రెండు రాష్ట్రాల్లోనూ నీట్ ర్యాంకే ప్రమాణం.

నీట్ రాయాలంటే ఇంటర్మీడియట్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ లేదా బయోటెక్నాలజీ, వీటితోపాటు ఇంగ్లీషు చదివి పాసై ఉండాలి. మన లెక్కలో బైపీసీ. ప్రవేశం పొందే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్ళు నిండాలి. గరిష్ఠ వయసు పరిమితి 2022 నుంచి లేదు. ఇది చిన్న విషయం కాదు. ఇంటర్ అయ్యాక రెండు మూడేళ్ళు కూలికిపోయి, డబ్బు కూడబెట్టుకుని మళ్ళీ పుస్తకం పట్టిన పిల్లలు మనలో ఉన్నారు. వాళ్ళకు తలుపు మూసుకుపోలేదు.

1997 నాటి వైద్య విద్య నిబంధనల్లో ఇంటర్ సైన్సు సబ్జెక్టుల్లో జనరల్ విద్యార్థులకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 శాతం మార్కులు ఉండాలని రాశారు. ఇట్లాంటి నిబంధనలు మారుతుంటాయి కనుక ఏ ఏడాదికి ఆ ఏడాది నీట్ సమాచార బులెటిన్ చూసుకోవాలి. సీనియర్ చెప్పాడనో, నెట్ సెంటరువాడు చెప్పాడనో నమ్మొద్దు.

పరీక్ష 720 మార్కులకు. 180 ప్రశ్నలు: ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. రైటు జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. తెలుగుతో సహా 13 భాషల్లో ప్రశ్నపత్రం ఉంటుంది, ఏ భాష కావాలో దరఖాస్తులోనే చెప్పాలి. 2025లో దరఖాస్తు రుసుము జనరల్ వాళ్ళకు 1700 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 1000. రోజుకూలీ మీద బతికే ఇంటికి ఆ వెయ్యి రూపాయలు కూడా లెక్కే.

పర్సెంటైల్ అంటే పర్సంటు కాదు

అసలు గందరగోళం ఇక్కడుంది. నీట్‌లో అర్హత సాధించడానికి జనరల్ విద్యార్థికి 50వ పర్సెంటైల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40వ పర్సెంటైల్ కావాలి. దీన్ని చాలామంది ‘వాళ్ళకు యాభై మార్కులు, వీళ్ళకు నలభై మార్కులు’ అని చదువుకుంటారు. పత్రికల్లో కూడా అట్లాగే రాస్తారు.

పర్సెంటైల్ అంటే వరసలో నీ స్థానం. పరీక్ష రాసినవాళ్ళందర్నీ మార్కుల ప్రకారం నిలబెడితే సరిగ్గా సగం మంది కంటే పైనున్నవాడిది 50వ పర్సెంటైల్. పేపరు కష్టంగా ఉంటే ఆ స్థానానికి మార్కులు తగ్గుతాయి, తేలికైతే పెరుగుతాయి. 2024లో జనరల్ కటాఫ్ 162, రిజర్వుడ్ కటాఫ్ 127. 2025లో పేపరు కష్టంగా వచ్చింది. కటాఫ్‌లు 144కు, 113కు దిగాయి.

లెక్క చూద్దాం. 720కి 144 అంటే నూటికి ఇరవై. అంటే ఏ రిజర్వేషనూ లేని విద్యార్థి కూడా నూటికి ఇరవై మార్కులతో ‘అర్హుడు’. 144కూ 113కూ తేడా 31 మార్కులు, ఎనిమిది ప్రశ్నలు. దేశంలో ప్రతిభ చచ్చిపోతోందని గుండెలు బాదుకునేది ఈ ఎనిమిది ప్రశ్నల గురించే.

ఈ ఎనిమిది ప్రశ్నల సడలింపు కూడా సీటు ఇవ్వదు. 2025లో 22 లక్షల పైచిలుకు మంది పరీక్ష రాస్తే 12.36 లక్షల మంది అర్హులయ్యారు. దేశం మొత్తమ్మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. అంటే ఒక సీటుకు సుమారు పదిమంది అర్హులు. అర్హత అంటే లైన్లో నిలబడే చీటీ, అంతే. మన రాష్ట్రాల్లో 113 మార్కులతో ఎస్సీ కోటాలో కన్వీనర్ సీటు రాదు. ఆ కోటా చివరి సీటు అంతకంటే చాలా పైననే ఆగిపోతుంది. ఎందుకంటే ఆ సీటు కోసం మన పిల్లలు మన పిల్లలతోనే గట్టిగా పోటీ పడుతున్నారు.

ఫలితాల పట్టికలో మరో తిరకాసు ఉంది. 144 దాటిన సుమారు 11 లక్షల మందినీ ‘యూఆర్, ఈడబ్ల్యూఎస్’ అనే వరసలో చూపిస్తారు. దాన్ని చూసి వీళ్ళంతా అగ్రకులాల పిల్లలనుకుంటారు. కాదు. జనరల్ కటాఫ్ దాటిన దళితుడు, గిరిజనుడు, బీసీ అందరూ ఆ వరసలోనే ఉన్నారు. సడలింపు వల్ల అర్హత పొందినవాళ్ళను మాత్రమే ‘ఎస్సీ’, ‘ఎస్టీ’, ‘ఓబీసీ’ అని విడిగా రాస్తారు. అంటే పట్టికలో మన కులం పేరు కనిపించేది మనకు తక్కువ మార్కులొచ్చినప్పుడే. ఎక్కువ మార్కులొస్తే మనం పేరు లేనివాళ్ళమవుతాం.

ఎంపిక రెండు చోట్ల జరుగుతుంది

ర్యాంకు కార్డు చేతికొస్తే సీటు దానంతటదే వస్తుందనుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. ర్యాంకు తర్వాతే అసలు పని మొదలవుతుంది. ప్రభుత్వ కాలేజీల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటా. దీన్ని, ఎయిమ్స్, జిప్మర్, డీమ్డ్ విశ్వవిద్యాలయాల సీట్లను కేంద్రంలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ నింపుతుంది. మిగిలిన 85 శాతాన్ని, ప్రైవేటు కాలేజీల సీట్లను రాష్ట్రం నింపుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ పని చూస్తాయి. రెండు చోట్లా విడివిడిగా పేరు నమోదు చేసుకోవాలి. ఒకచోట చేసుకుంటే రెండోచోటికి దానంతటది పోదు.

అఖిల భారత కోటాకు ఒక చరిత్ర ఉంది. 1984 నాటి ప్రదీప్ జైన్ తీర్పు నుంచి పుట్టి, 1986 నుంచి అమలైన ఈ కోటాలో 2007 దాకా ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ లేదు. రెండు దశాబ్దాల పాటు ప్రభుత్వ కాలేజీల సీట్లలో ఒక భాగాన్ని ‘జాతీయ ప్రతిభ’ పేరుతో మనకు అందకుండా ఉంచారు. ఓబీసీలకైతే 2021లో గానీ అందులో 27 శాతం రాలేదు. ఆ నిర్ణయాన్ని సమర్థిస్తూ 2022 జనవరిలో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఒక మాట ఒప్పుకుంది. పోటీ పరీక్ష మార్కు ఒక్కటే ప్రతిభ కాదనీ, ఆ మార్కు వెనక కుటుంబం, డబ్బు, చదువు అనే పెట్టుబడులు ఉంటాయనీ దాని సారాంశం. మన పెద్దలు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న మాట కోర్టు కాగితం మీదికి రావడానికి అంతకాలం పట్టింది.

రాష్ట్ర కోటాలో మొదట స్థానికత చూస్తారు. 371డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల నాటి నుంచి 85 శాతం సీట్లు స్థానికులకు. తెలంగాణలో 2024లో సవరించిన నిబంధన ప్రకారం తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్ళు ఆ రాష్ట్రంలో చదివి ఉండాలి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. బయటి రాష్ట్రంలో పనిచేసే ప్రభుత్వోద్యోగుల, అఖిల భారత సర్వీసుల వాళ్ళ, సైనికుల పిల్లలకు మినహాయింపులున్నాయి. ఇటుక బట్టీలకు, మేస్త్రీ పనులకు ఊరు విడిచి పోయిన కూలీల పేరు ఆ జాబితాలో లేదు. బదిలీ మీద పోయినవాడి పిల్ల స్థానికురాలు, వలసపోయినవాడి పిల్ల స్థానికేతరురాలు అవుతుంది.

ఓపెన్ సీటు ఎవరిది

రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీలకు 15 శాతం, బీసీలకు అన్ని గ్రూపులూ కలిపి 29 శాతం. ఎస్టీలకు ఆంధ్రప్రదేశ్‌లో 6 శాతం, తెలంగాణలో 2022 నుంచి 10 శాతం. ఆర్థికంగా వెనుకబడిన అగ్రకులాలకు 10 శాతం. ఇవన్నీ పోగా మిగిలింది ఓపెన్. ఈ ఓపెన్ అనేదాన్ని వాడుకలో ‘ఓసీ కోటా’ అంటారు. మనవాళ్ళూ అట్లాగే అంటారు. ఈ మాటలోనే మోసం ఉంది. ఓపెన్ సీటు ఏ కులానికీ కోటా కాదు. ర్యాంకు వచ్చినవాడు ఎవడైతే వాడిది. ఓపెన్ ర్యాంకుతో సీటు తెచ్చుకున్న దళిత విద్యార్థిని ఎస్సీ కోటాలో లెక్కపెట్టకూడదు. 1992 నాటి ఇంద్రా సహానీ తీర్పు నుంచి ఇది స్థిరపడిన సూత్రం.

అయితే కాలేజీలు వేరువేరుగా ఉన్నప్పుడు ఈ సూత్రం చిక్కుల్లో పడుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. నగరంలో పేరున్న కాలేజీ ఒకటి, దూరపు జిల్లాలో కొత్త కాలేజీ ఒకటి ఉన్నాయనుకోండి. ఒక మాదిగ అమ్మాయికి మంచి ర్యాంకు వచ్చింది. ఓపెన్ ర్యాంకు ప్రకారం ఆమె వంతు వచ్చేసరికి నగరంలోని ఓపెన్ సీట్లు అయిపోయాయి, దూరపు కాలేజీలో ఒకటుంది. ఎస్సీ కోటా ప్రకారం చూస్తే మాత్రం నగరం కాలేజీలోనే సీటుంది. ‘నీకు ఓపెన్‌లో వచ్చింది గదా, దూరం పో’ అంటే ఆమె కంటే తక్కువ మార్కులొచ్చిన ఇంకో ఎస్సీ విద్యార్థి నగరంలో చదువుతాడు. ఎక్కువ మార్కులు తెచ్చుకున్నందుకు ఆమెకు శిక్ష పడినట్టు. కాబట్టి ఆమెను నగరం కాలేజీలోని ఎస్సీ సీటు తీసుకోనివ్వాలి.

తీసుకుంది. ఇప్పుడు ఆమె వదిలిన దూరపు కాలేజీ ఓపెన్ సీటు ఎవరికివ్వాలి? ఆ తర్వాతి ఓపెన్ ర్యాంకువాడికి ఇచ్చేస్తే ఎస్సీలకు మొత్తమ్మీద ఒక సీటు తగ్గిపోతుంది. ఆమె సొంత ర్యాంకుతో గెలిచిన సీటు చేజారి, కోటా సీటు కూడా ఒకటి ఖర్చయిపోతుంది. అందుకే ఆమె వదిలిన సీటును, ఆమె రాకవల్ల ఎస్సీ సీటు కోల్పోయిన ఎస్సీ విద్యార్థికే ఇవ్వాలి. 1996లో రితేష్ షా కేసులోనూ, 2018లో బీహార్ నుంచి వచ్చిన త్రిపురారి శరణ్ కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లో ఇచ్చిన జీవో 550 ఉద్దేశం కూడా ఇదే. ఆ జీవో మీద కోర్టుల్లో ఏళ్ళ తరబడి వాదనలు నడిచాయంటే అందులో ఎన్ని సీట్లు దాగి ఉన్నాయో ఊహించుకోవచ్చు.

ఈ లెక్క కంప్యూటరు లోపల జరుగుతుంది, బయటికి కనిపించదు. అడిగేవాడు లేకపోతే తప్పు జరిగిందో లేదో కూడా తెలియదు. మధ్యప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్ళకు ఎంబీబీఎస్‌లో 5 శాతం సీట్లు పెట్టారు. ఆ సీట్లను మళ్ళీ కులాలవారీగా విడదీసి, ఎక్కువ మార్కులొచ్చిన ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలను అందులోని ఓపెన్ సీట్లలోకి రానివ్వలేదు. సీట్లు మిగిలిపోతే సాధారణ ఓపెన్‌లో కలిపేశారు గానీ వీళ్ళకివ్వలేదు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు అది తప్పని తేల్చింది. రామ్‌నరేష్ కేసు అది. కోర్టు దాకా పోగలిగిన పిల్లలున్నారు కాబట్టి ఆ సంగతి బయటపడింది.

డబ్బు కట్టేవాడి ప్రతిభ

ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లు ఏ కేటగిరీ, అంటే కన్వీనర్ కోటా. 35 శాతం బీ కేటగిరీ, 15 శాతం సీ కేటగిరీ. సీ అంటే ఎన్నారై కోటా. కులాల రిజర్వేషన్ ఏ కేటగిరీ వరకే. బీలో ఫీజు ఏటా పది లక్షల పైచిలుకు, సీలో అంతకంటే ఎక్కువ. డీమ్డ్ విశ్వవిద్యాలయాల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషనే లేదు. 2005లో 93వ రాజ్యాంగ సవరణ 15(5) అధికరణం తెచ్చి ప్రైవేటు కాలేజీల్లోనూ రిజర్వేషన్ పెట్టవచ్చని చెప్పింది. దాన్ని ఈ బీ, సీ సీట్ల దాకా తీసుకొచ్చిన ప్రభుత్వం మన రెండు రాష్ట్రాల్లో లేదు.

ఇప్పుడు ప్రతిభ సంగతి మళ్ళీ చూద్దాం. ఎన్నారై సీటు తీసుకునేవాడికైనా కావలసిన కనీస అర్హత అదే 50వ పర్సెంటైల్, 2025 లెక్కలో 144 మార్కులు. రెండు వందల మార్కులొచ్చిన సంపన్నుడి కొడుకు డాక్టరవుతాడు. అంతకంటే ఎక్కువ వచ్చిన దళిత కూలీ కూతురు కన్వీనర్ కోటాలో సీటు రాక నర్సింగులోనో డిగ్రీలోనో చేరుతుంది. ‘తక్కువ మార్కులొచ్చినవాడి చేత ఆపరేషన్’ అనే ప్రశ్న ఆ సంపన్నుడి కొడుకును చూసి ఎవరూ అడగరు. 2023 సెప్టెంబరులో పీజీ వైద్య సీట్లు మిగిలిపోతున్నాయని నీట్ పీజీ అర్హతను అన్ని వర్గాలకూ సున్నా పర్సెంటైల్‌కు దించారు. పరీక్ష రాసిన ప్రతివాడూ అర్హుడే. అప్పుడు ప్రతిభ కోసం ఎవరూ రోడ్డెక్కలేదు.

ప్రభుత్వ కాలేజీలు కూడా ఈ దారి పట్టాయి. 2023 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 107, 108 జీవోలు ఇచ్చింది. విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో ఆ ఏడాది మొదలైన కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో, అఖిల భారత కోటా పోగా మిగిలిన సీట్లలో 35 శాతాన్ని ఏటా 12 లక్షల ఫీజుకు, 15 శాతాన్ని ఎన్నారైలకు 20 లక్షలకు పెట్టింది. ప్రభుత్వ భూమి, ప్రభుత్వ ఆసుపత్రి, ప్రజల డబ్బు. రాష్ట్ర సీట్లలో సగానికి మాత్రం రిజర్వేషన్ లేదు. కాలేజీలు పెరిగాయని సంబరపడే ముందు మన వాటా ఏ పునాది మీద లెక్కిస్తున్నారో అడగాలి. మొత్తం సీట్ల మీద 15 శాతం వేరు, సగం సీట్ల మీద 15 శాతం వేరు. రెండోది అసలులో ఏడున్నరే.

సర్టిఫికెట్ కూడా ఒక పరీక్షే

కుల ధృవీకరణకు 1993 నాటి చట్టం ఉంది. తప్పుడు సర్టిఫికెట్లతో మన సీట్లు కొట్టేసేవాళ్ళను పట్టుకోవడానికి అది కావాలి. మహారాష్ట్రలో మెడికల్ సీట్ల కోసం తప్పుడు ఎస్టీ సర్టిఫికెట్లు పెట్టిన కేసులోనే 1994లో సుప్రీంకోర్టు దేశమంతటికీ పరిశీలన పద్ధతి రాసిపెట్టింది. కానీ ఆచరణలో ఈ జల్లెడ ఎక్కువగా అసలువాళ్ళనే ఆపుతోంది. తండ్రి పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా, టీసీలో కులం పేరు ఒకరకంగా, మీసేవ కాగితంలో మరోరకంగా ఉన్నా కౌన్సెలింగ్ గడువు ఆగదు.

క్రైస్తవం సంగతి మరీ చిక్కు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వుల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్ళకే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి పోయిన దళితులు మన దగ్గర బీసీ-సీ. ఆ గ్రూపుకున్నది 1 శాతం. అదే వాడ, అదే వెలి, అదే పని, పదిహేనులో పోటీపడవలసిన పిల్ల ఒకటిలో పోటీపడుతుంది. బడిలో చేర్పించిన రోజు పంతులు రాసిన ఒక్క మాట పన్నెండేళ్ళ తర్వాత మెడికల్ సీటును తేలుస్తోంది.

వర్గీకరణతో ఈ కాగితం బరువు ఇంకా పెరిగింది. 1997లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఏబీసీడీ వర్గీకరణను 2004 నవంబరులో చిన్నయ్య కేసులో కొట్టేశారు. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చేసుకోవచ్చని చెప్పింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ 1, 9, 5 శాతాలుగా మూడు గ్రూపులు చేసింది. ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5గా చేసింది. దీనిమీద మనలో మనకు అభిప్రాయ భేదాలున్నాయి, ఉంటాయి. కానీ డక్కలి, మాష్టిన్, రెల్లి వంటి కులాల నుంచి మెడికల్ కాలేజీ గడప తొక్కినవాళ్ళు ఎంతమంది అని మాల, మాదిగలిద్దరూ తమను తాము అడుక్కోవలసిందే. ఉపకులం పేరు సరిగా రాయించుకోకపోతే ఏ గ్రూపో తేలదు. ఈ ఆలస్యం ఎక్కువగా దెబ్బతీసేది ఆ చిన్న కులాల పిల్లలనే.

పరీక్షకు ముందరి పరీక్ష

మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటివాణ్ణి నేను. మా హాస్టల్లో బైపీసీ తీసుకున్నవాళ్ళం తొమ్మిదిమందిమి. ఇంటర్ అయ్యాక లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పోయినవాడు ఒక్కడూ లేడు. తెలివి లేక కాదు, ఒక ఏడాది సంపాదన లేకుండా కూర్చోబెట్టే ఇల్లు మాలో ఎవరికీ లేదు. నీట్‌లో నిజమైన రిజర్వేషన్ ఆ ఒక ఏడాదే. రెండోసారి, మూడోసారి రాసేవాడికి తిండి పెట్టి ఫీజు కట్టగలిగిన ఇంటికే ఆ కోటా. ఇప్పుడు సాంఘిక సంక్షేమ గురుకులాల్లో లాంగ్ టర్మ్ కోచింగ్ ఇచ్చినచోట మన పిల్లలు సీట్లు తెచ్చుకుంటున్నారంటే లోపం ఎక్కడుండేదో తెలుస్తూనే ఉంది.

తమిళనాడులో అరియలూరు జిల్లా దళిత విద్యార్థిని అనితకు 2017లో ప్లస్ టూలో 1200కు 1176 మార్కులు. నీట్‌లో 720కి 86. నీట్ మీద సుప్రీంకోర్టు దాకా పోరాడింది. సెప్టెంబరు 1న ప్రాణం తీసుకుంది. రెండు పరీక్షలూ ఒకే పిల్ల రాసింది. మొదటి పరీక్ష ఆమె చదివిన పుస్తకాన్ని అడిగింది, రెండోది ఆమె కొనుక్కోలేని కోచింగ్‌ను అడిగింది. ఆ రాష్ట్రం 2020లో చట్టం చేసి, నీట్ అర్హత పొందిన ప్రభుత్వ బడుల పిల్లలకు 7.5 శాతం సీట్లు ఇచ్చింది. 2022లో మద్రాసు హైకోర్టు దాన్ని సమర్థించింది. మన రెండు రాష్ట్రాలకూ అడ్డేమిటో ప్రభుత్వాలు చెప్పాలి.

2024 మే 5న జరిగిన నీట్‌లో మొదట 67 మందికి ఒకటో ర్యాంకు వచ్చింది. ప్రశ్నపత్రం పాట్నాలో, హజారీబాగ్‌లో లీకైందని జూలై 23న సుప్రీంకోర్టే గుర్తించింది, కానీ పరీక్షను మొత్తంగా రద్దు చేయలేదు. ప్రశ్నపత్రం కొనగలిగినవాడెవడో అందరికీ తెలుసు.

మన పని

మొదటిది పిల్లలకు సంబంధించింది. ఇంటర్ మొదటి ఏడాదిలోనే కుల, ఆదాయ, స్టడీ సర్టిఫికెట్లు ఒకే స్పెల్లింగుతో సరిచేయించుకోవాలి. ర్యాంకు రాగానే కేంద్రంలోనూ, రాష్ట్రంలోనూ రెండు చోట్లా నమోదు కావాలి. 15 శాతం కోటాకు ఎస్సీ, ఎస్టీలు కట్టవలసిన ధరావతు 5 వేలు ఉండేది, తిరిగొస్తుంది కనుక భయపడొద్దు. వెబ్ ఆప్షన్లలో ‘మనకు రాదులే’ అని పెద్ద కాలేజీలు వదిలేయొద్దు. ఓపెన్ ర్యాంకులో ఉన్నా ఎస్సీ సర్టిఫికెట్ తప్పక పెట్టాలి. దానివల్ల ఓపెన్ సీటు పోదు, పైగా కాలేజీ ఎంచుకునే హక్కు వస్తుంది. కేంద్ర పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనానికి ఆదాయ పరిమితి 2.5 లక్షలు, ఆ కాగితం ముందే సిద్ధంగా ఉండాలి.

రెండోది సంఘాలకు, మనలాంటి పరిశోధకులకు సంబంధించింది. ప్రతి విడత కౌన్సెలింగ్ తర్వాత విశ్వవిద్యాలయం విడుదల చేసే కేటాయింపు జాబితాను కూర్చుని లెక్కపెట్టాలి. ఓపెన్ ర్యాంకులో ఎంతమంది ఎస్సీలున్నారు, వాళ్ళలో ఎస్సీ సీటుకు జరిగినవాళ్ళెందరు, వాళ్ళు వదిలిన సీట్లు ఎవరికిచ్చారు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఇవ్వక తప్పదు. ఈ పని చేయడానికి డాక్టరే కానక్కర్లేదు, కూడికలు తీసివేతలు వస్తే చాలు.

మూడోది ప్రభుత్వాలను అడగవలసింది. బీ, సీ కేటగిరీల్లో 15(5) అమలు చేయాలి, ప్రభుత్వ కాలేజీల్లో సీట్లమ్మే పద్ధతి ఎత్తేయాలి, ప్రభుత్వ బడుల పిల్లలకు కోటా పెట్టాలి, వలస కూలీల పిల్లలకు స్థానికతలో మినహాయింపు ఇవ్వాలి, ప్రతి జిల్లాలో గురుకుల లాంగ్ టర్మ్ కేంద్రం పెట్టాలి.

మొదట్లో చెప్పుకున్న ప్రశ్నకు జవాబు కూడా చెప్పుకోవాలి. ఏ కోటాలో చేరినా ఎంబీబీఎస్‌లో పాస్ మార్కు అందరికీ ఒకటే. అనాటమీలో ఎస్సీలకు సడలింపు లేదు, ఫైనలియర్‌లో ఎస్టీలకు గ్రేసు మార్కుల్లేవు. రిజర్వేషన్ తలుపు దగ్గరే ఉంటుంది. లోపలికెళ్ళాక అందరూ రాసేది ఒకే పరీక్ష, అందరికీ ఇచ్చేది ఒకే పట్టా.